జింక వేటకి .308లో ఏ బుల్లెట్? హ్యాండ్‌లోడింగ్ ఇప్పుడే మొదలుపెడుతున్నాను

కొత్తగురి

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. నా దగ్గర .308 విన్‌చెస్టర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఉంది. 22 అంగుళాల బ్యారెల్, 1:10 ట్విస్ట్ (బ్యారెల్ లోపలి మెలిక గాళ్లు 10 అంగుళాలకి ఒక చుట్టు). ఇంతవరకూ కంపెనీ తూటాలే వాడాను. వచ్చే సీజన్‌కి సొంతంగా నింపుకోవాలని ప్రెస్సు, డైలు, త్రాసు కొనుక్కున్నాను.

వేట తెల్లతోక జింకలకే, లైసెన్సుతో. చెట్లు దట్టంగా ఉన్న చోటు కాబట్టి ఎక్కువగా 100 గజాల లోపే కనబడతాయి. కరెంటు లైను కోసం చెట్లు కొట్టేసిన దారి ఒకటుంది, అక్కడ మాత్రం 250 దాకా చూపు ఆనుతుంది. అంతకు మించి కాల్చను.

బుల్లెట్ల దగ్గరకొచ్చి ఆగిపోయాను. 150, 165, 168, 180 గ్రెయిన్లు (బుల్లెట్ బరువు కొలత). బాండెడ్ అంటారొకరు, మొత్తం రాగిదే కొనమంటారొకరు, మామూలు సాఫ్ట్ పాయింట్ (మొన దగ్గర సీసం బయటికి కనిపించేది) చాలంటారు ఇంకొకరు. పేరు చెప్పడం కన్నా, దేన్ని బట్టి ఎంచుకోవాలో చెబితే ఎక్కువ మేలు.

పాతబోల్ట్

కొత్తగురి గారూ, బరువు సంగతి పక్కనపెట్టి ముందు వేగం చూడండి. అదీ బ్యారెల్ దాటేటప్పటి వేగం కాదు, జింకకి తగిలేటప్పటి వేగం. ప్రతి వేట బుల్లెట్‌నీ ఫలానా వేగం నుంచి ఫలానా వేగం దాకా సరిగా విచ్చుకునేలా తయారుచేస్తారు. అంతకన్నా నెమ్మదిగా తగిలితే విచ్చుకోకుండా సన్నటి కంత చేసుకుని అవతలికి పోతుంది. అంతకన్నా జోరుగా తగిలితే పైపైనే ముక్కలై లోపలికి చేరదు.

.30-30, .308, .30-06, .300 విన్‌చెస్టర్ మాగ్నం, ఈ నాలుగింటికీ బుల్లెట్ వ్యాసం ఒకటే, 0.308 అంగుళం. అందుకే కొనేటప్పుడు అన్నీ ఒకటే అనిపిస్తాయి. కానీ .30-30 కోసం చేసిన 170 గ్రెయిన్ల చదును ముక్కు బుల్లెట్ సెకనుకు 2200 అడుగులతో బయల్దేరి 200 గజాలకి 1600 దగ్గరికి పడిపోతుంది. ఆ నెమ్మదిలోనూ విచ్చుకోవాలి కాబట్టి దాన్ని మెత్తగా చేస్తారు. అదే బుల్లెట్‌ని మాగ్నంలో పెట్టి 50 గజాల్లో భుజం మీద కొడితే మాంసం ఛిద్రమవుతుంది, ఊపిరితిత్తుల దాకా వెళ్తుందన్న భరోసా ఉండదు. మాగ్నం వేగాలకి గట్టిగా చేసిన 180ని మీ .308లో నింపితే సమస్య తిరగబడుతుంది, 250 గజాల జింకలో అది అరకొరగా విచ్చుకోవచ్చు.

ఇక మీ లెక్క. మొనదేలిన 165 గ్రెయిన్ల బుల్లెట్ మీ బ్యారెల్ నుంచి 2650, 2700 మధ్య వస్తుందనుకుందాం. 100 గజాలకి 2500, 200కి 2300, 250కి 2200 పైచిలుకు. అంటే మీకు ఎదురయ్యే జింకలన్నిటికీ 2200కి పైనే తగులుతుంది. సీసం మీద రాగి తొడుగున్న మామూలు కప్ అండ్ కోర్ బుల్లెట్ హాయిగా పనిచేసే వేగాలివి. 150 అయినా 165 అయినా ఫరవాలేదు. నేనైతే 165 తీసుకుంటాను, జింక కాస్త ఏటవాలుగా నిలబడి భుజం ఎముక అడ్డొచ్చినా లోపలిదాకా వెళ్తుంది.

గాలివాలు

168 మ్యాచ్ బుల్లెట్ (గురి పోటీల కోసం చేసింది) సంగతి ఎవరూ ఎత్తలేదేం? నా రైఫిల్లో దానంత దగ్గరగా గుంపు కట్టేది, అంటే కంతలన్నీ ఒకే చోట పడేది, ఇంకోటి లేదు. బాలిస్టిక్ కోఎఫిషియెంట్ (గాలిని చీల్చుకుపోయే సత్తా కొలత) ఎక్కువ, గాలికి తక్కువ కొట్టుకుపోతుంది. గురి సరిగా పడితే చాలదా?

పాతబోల్ట్

చాలదండీ. ఆ మ్యాచ్ బుల్లెట్ ముక్కున ఉండే సన్నటి రంధ్రం తయారీ పద్ధతి వల్ల మిగిలేది, విచ్చుకోవడానికి పెట్టింది కాదు. ఒకసారి ముక్కలవుతుంది, ఇంకోసారి విచ్చుకోకుండానే దూసుకుపోతుంది. సియెరా వాళ్లే తమ మ్యాచ్‌కింగ్‌ని వేటకి వాడొద్దని చెబుతారు. తయారు చేసినవాళ్లు వద్దన్నదాన్ని బతికున్న జంతువు మీద ప్రయోగించడం నాకు సమ్మతం కాదు.

అయినా జింక గుండె, ఊపిరితిత్తులు కలిపితే దాదాపు 8 అంగుళాల వలయం. 250 గజాల్లో దాన్ని కొట్టడానికి 100 గజాల దగ్గర అంగుళంన్నర గుంపు కట్టే రైఫిల్ సరిపోతుంది. అరంగుళం గుంపు కోసం పనిచేయని బుల్లెట్‌ని ఎంచుకోవడం దేనికి?

గాలివాలు

సియెరా వాళ్లే వద్దన్నారంటే ఇంక మాట్లాడేదేముంది. కాగితానికే ఉంచుతాను. పాలిమర్ మొన ఉన్న వేట బుల్లెట్లలో కోఎఫిషియెంట్ బాగున్నవి చాలా ఉన్నాయి కదా, వాటి గురించి ఏమంటారు?

పాతబోల్ట్

మంచివే. అయితే వాటన్నిటికీ మొన ఒకేలా కనిపించినా లోపల తేడా ఉంటుంది. కొన్నింటి తొడుగు పల్చన, దగ్గర్లో జోరుగా తగిలితే బాగా చెదురుతాయి. కొన్నింటిలో సీసాన్ని తొడుగుకి అతికించేస్తారు, అదే బాండెడ్ అంటే. మొన రంగు చూసి కొనకుండా కింది వేగం, పై వేగం ఎంతని తయారీదారు చెప్పాడో చూసి కొనండి.

రాగిపక్షం

నా మాట కాస్త వేరుగా ఉంటుంది. మొత్తం రాగి బుల్లెట్ తీసుకోండి, కొత్తగురి గారూ. చిట్లదు, బరువు దాదాపు అంతా నిలుపుకుంటుంది, రెండో వైపు నుంచి బయటికొచ్చేది ఎక్కువ. రెండు కంతలుంటే నెత్తుటి జాడ బాగా దొరుకుతుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యం మాంసం. సీసం బుల్లెట్ విచ్చుకునేటప్పుడు కంటికి కనిపించని తునకలు గాయానికి చాలా దూరం దాకా చెదురుతాయి. ఎక్స్‌రే తీస్తే తెల్లటి చుక్కలుగా కనబడతాయి. కత్తితో ఎంత కోసి పారేసినా అన్నీ పోవు. 2008లో అమెరికాలోని నార్త్ డకోటా ఆరోగ్య శాఖ, గర్భిణులూ ఆరేళ్ల లోపు పిల్లలూ సీసంతో కొట్టిన జింక మాంసం తినొద్దని సలహా ఇచ్చింది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం పూర్తిగా నిషేధం, అక్కడ ప్రధాన కారణం కాండర్ రాబందులు. వేటగాళ్లు వదిలేసిన పేగులు తిని అవి చచ్చిపోతున్నాయి. నా పిల్లలు తినే మాంసం విషయంలో నేను బేరం ఆడను.

ఎంచుకునేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. సీసం సాంద్రత 11.34, రాగిది 8.96. అంటే అదే బరువుకి రాగి బుల్లెట్ పొడుగవుతుంది. అందుకే రాగిలో ఒక మెట్టు తేలికది తీసుకుని జోరుగా పంపాలి. .308లో 130 గానీ 150 గానీ బాగుంటుంది. మీ 1:10 ట్విస్ట్‌కి రెండూ స్థిరంగా తిరుగుతాయి.

పాతబోల్ట్

మాంసం విషయంలో మీ మాటకి ఎదురు చెప్పను, చిన్నపిల్లలున్న ఇంట్లో అది సరైన నిర్ణయమే. కానీ రాగి అందరికీ, అన్ని దూరాలకీ మేలన్న మాట ఒప్పుకోను. రాగి విచ్చుకోవడానికి వేగం ఎక్కువ కావాలి. తయారీదారు 1800 అని రాసినా నేను 2000 కింద నమ్మను. మందు తగ్గించి నింపిన లోడుకో, చిన్న బ్యారెల్‌కో, 300 గజాల పైనో సీసమే నయం. పైగా రాగి గాయం సన్నం. ఒక్క ఊపిరితిత్తుల మీదుగా పోతే జింక ఇంకొంచెం దూరం పరిగెత్తుతుంది.

రాగిపక్షం

అందుకే రాగితో భుజం ముందుభాగం మీద గురిపెట్టమంటాను. ఎముక తగిలితే అక్కడికక్కడే కూలుతుంది, బుల్లెట్ ఎటూ చిట్లదు. సీసంతో అలా కొట్టాలంటే భుజం మాంసం వదులుకోవాల్సిందే. 2000 సంగతి ఒప్పుకుంటాను, నేనూ అదే గీత పెట్టుకున్నాను. ఈయన దూరం 250, కాబట్టి గీతకి పైనే ఉన్నారు.

అడవిబాట

ఇద్దరూ చెప్పింది బాగుంది. నేను జాడ తీసే మనిషిని, ఎవరి జింక దొరక్కపోయినా కుక్కను తీసుకుని వెళ్తాను. దొరకని జింకల్లో బుల్లెట్ విఫలమై తప్పిపోయినవి చాలా తక్కువ. కడుపులో తగిలినవి, తొడలో తగిలినవి, వెన్నుపూస పైన కండలోంచి పోయినవే దాదాపు అన్నీ. పక్కకి తిరిగి నిలబడిన జింకకి ముందుకాలి వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర కొడితే పైన చెప్పిన ఏ వేట బుల్లెట్ అయినా చంపుతుంది.

ఊపిరితిత్తుల్లో తగిలిన జింక కూడా 50, 100 గజాలు పరిగెత్తడం మామూలే. పరిగెత్తింది కాబట్టి బుల్లెట్ పనిచేయలేదని అనుకోవద్దు. తగిలిన చోటు గుర్తుపెట్టుకుని అరగంట ఆగండి. నెత్తురు లేత ఎరుపులో నురగలా ఉంటే ఊపిరితిత్తులు. ముదురుగా, ఆకుపచ్చ పిప్పితో, వాసనతో ఉంటే పేగులు. అప్పుడు గంటలకొద్దీ ఆగాలి. తొందరపడి వెంటపడితే పడుకున్న జింక లేచి పోతుంది, ఇంక దొరకదు.

సన్నదారి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది .243, పాతది, 1:10 ట్విస్ట్. ఇదే లెక్క నాకూ వర్తిస్తుందా?

పాతబోల్ట్

వర్తిస్తుంది తమ్ముడూ, ఇంకా కచ్చితంగా వర్తిస్తుంది. .243లో 55, 60 గ్రెయిన్ల బుల్లెట్లు చిన్న జంతువుల కోసం పల్చగా చేసినవి, జింక మీద వద్దు. 95 నుంచి 100 దాకా ఉన్న వేట బుల్లెట్ గానీ, రాగిలో 80, 85 గానీ చూసుకో. 105 పైబడిన పొడుగాటి బుల్లెట్లు నీ ట్విస్ట్‌లో స్థిరపడకపోవచ్చు. కాగితం మీద కంత గుండ్రంగా కాకుండా అడ్డంగా పడితే అదే గుర్తు.

మీ ప్రాంతం చట్టం కూడా చూసుకో. కొలరాడోలో జింకకి కనీసం .24 క్యాలిబర్, 70 గ్రెయిన్ల విచ్చుకునే బుల్లెట్, 100 గజాల దగ్గర 1000 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలి. ఇంకో చోట ఇంకోలా ఉంటుంది.

నిర్వాహకుడు

చర్చ బాగా నడుస్తోంది. ఒక్క విన్నపం. ఈ వేదికలో తుపాకీ మందు ఎన్ని గ్రెయిన్లు వేయాలో ఎవరూ రాయకండి. ఒక అంకె తప్పు పడితే ఎవరో ఒకరి ముఖం ముందు రైఫిల్ పగులుతుంది. మందు తూకం తయారీదారు అచ్చువేసిన లోడింగ్ మాన్యువల్ నుంచే తీసుకోవాలి.

మందుత్రాసు

నిర్వాహకుడు గారి మాటతోనే మొదలుపెడతాను. కొత్తగురి గారూ, ముందు మీరు కొన్న బుల్లెట్ తయారీదారు మాన్యువల్ తెరవండి. ఒకే 165 అయినా ఒక కంపెనీ బుల్లెట్ లెక్క ఇంకో కంపెనీ బుల్లెట్‌కి పనికిరాదు. తొడుగు గట్టిదనం వేరు, బ్యారెల్ గాళ్లను ఒరుసుకునే భాగం పొడవు వేరు. రాగి బుల్లెట్ అయితే పొడుగ్గా ఉండి కేస్ (మందు పోసే ఇత్తడి గొట్టం) లోపల చోటు తినేస్తుంది, ఒత్తిడి వేరేగా పెరుగుతుంది. సీసం బుల్లెట్ లెక్కతో రాగిని ఎప్పుడూ నింపకండి.

మొదలు పెట్టాల్సింది మాన్యువల్ చెప్పిన కనీస తూకం దగ్గర. అక్కడి నుంచి కొంచెం కొంచెం పెంచుతూ, ప్రతి మెట్టులోనూ కేస్‌ని పట్టి చూడండి. బోల్ట్ ఎత్తడానికి బిగువుగా ఉందా, ప్రైమర్ (మందుని అంటించే చిన్న మూత) అంచులు గుంటలోకి పరుచుకుపోయాయా, కేస్ అడుగున ఎజెక్టర్ (కేస్‌ని బయటికి నెట్టే భాగం) మెరుపు మచ్చ పడిందా. ఏ ఒక్కటి కనబడినా ఆపి వెనక్కి రండి. .308కి సామీ (అమెరికా తూటాల ప్రమాణాల సంస్థ) గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఈ గుర్తులు కనబడేసరికి చాలాసార్లు ఆ గీత దాటేసి ఉంటారు. అందుకే గుర్తుల కన్నా క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) నయం. మాన్యువల్ గరిష్ఠ తూకానికి రాసిన వేగం మీకు ముందే వచ్చేసిందంటే, ఒత్తిడీ ముందే వచ్చేసిందన్నమాట.

త్రాసు సంగతి. పౌండులో 7000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. మనం అందులో పదో వంతు చూస్తున్నాం. ఫ్యాన్ గాలి తగిలినా ఎలక్ట్రానిక్ త్రాసు కదిలిపోతుంది. తూనికరాళ్లు దగ్గర పెట్టుకుని మొదట్లో, మధ్యలో, చివర్లో సరిచూడండి. బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి, పని అయ్యాక ఆ డబ్బాలోకే తిరిగి పోయాలి. ఇందులో మినహాయింపులు లేవు.

కొత్తగురి

ఇంత ఓపికగా రాస్తున్నందుకు అందరికీ ధన్యవాదాలు. మందుత్రాసు గారూ, కేసుల గురించి అడగాలి. నేను కాల్చిన కంపెనీ కేసులు దాచుకున్నాను. ఒక మిత్రుడు మిలిటరీ కేసులు కూడా ఇచ్చాడు. కలిపి వాడొచ్చా?

మందుత్రాసు

కలపొద్దు. మిలిటరీ కేసులు సాధారణంగా మందంగా ఉంటాయి, లోపల చోటు తక్కువ. అదే తూకం మందు వేస్తే ఒత్తిడి పెరుగుతుంది. ప్రైమర్ చుట్టూ నొక్కిన అంచు కూడా ఉంటుంది, దాన్ని తీయకపోతే కొత్త ప్రైమర్ సరిగా కూర్చోదు. మొదటిసారికి మీ రైఫిల్లో కాల్చిన ఒకే కంపెనీ కేసులు వాడండి.

ఒక్కో కేస్‌నీ వెలుతురులో తిప్పి చూడండి. అడుగుకి కాస్త పైన మెరిసే గీత చుట్టూ ఉంటే, లోపల గోడ పల్చబడి అక్కడ తెగబోతోందని అర్థం. సన్నటి తీగ కొన వంచి లోపలి గోడ మీద గీస్తే గాడి తగులుతుంది. తగిలిందంటే ఆ కేస్ పారేయండి. ఇది రాకుండా ఉండాలంటే సైజింగ్ డైని మరీ కిందికి బిగించొద్దు. కాల్చిన కేస్ భుజాన్ని సుమారు 0.002 అంగుళం వెనక్కి నెడితే చాలు, బోల్ట్ హాయిగా మూసుకుంటుంది. అంతకన్నా ఎక్కువ నెట్టినకొద్దీ ప్రతి కాల్పుకీ ఇత్తడి సాగుతుంది.

సైజు చేశాక పొడవు కొలవండి. .308కి గరిష్ఠం 2.015 అంగుళాలు, 2.005కి కోస్తారు. పొడవు మించితే కేస్ మూతి ఛాంబర్ (బ్యారెల్లో తూటా కూర్చునే గది) చివర ఇరుక్కుని బుల్లెట్‌ని వదలదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

ట్రేలో మందు పోసిన కేసులన్నిటి మీదా టార్చి వేసి వరస చూసి, అప్పుడే బుల్లెట్లు కూర్చోబెట్టండి. ఒకటి ఖాళీగా ఉంటే ప్రైమర్ బలానికే బుల్లెట్ బ్యారెల్లోకి వెళ్లి ఇరుక్కోవచ్చు. అది చూడకుండా రెండోది కాలిస్తే బ్యారెల్ పోతుంది. కేస్‌లో సగానికి పైన నిండే మందు ఎంచుకుంటే రెండుసార్లు పోసినా పొర్లిపోయి తెలిసిపోతుంది. .308కి మాన్యువల్లో కనిపించే మందుల్లో చాలావరకు అలాంటివే.

గాలివాలు

గుంపుల గురించి నేనొక మాట చెప్పనా. మూడు తూటాల గుంపు చూసి ఈ లోడు మంచిది, ఆ లోడు చెడ్డదని తేల్చేయకండి. అదే లోడు మళ్లీ కాలిస్తే ఇంకోలా వస్తుంది. నచ్చిన లోడుని వేరువేరు రోజుల్లో, చల్లబడిన బ్యారెల్‌తో, పదికి తక్కువ కాకుండా కాల్చి ఒకే కాగితం మీద కలిపి చూడండి. వేటలో మీకు అవసరమయ్యేది చల్లటి బ్యారెల్ నుంచి పోయే మొదటి తూటా.

ఎండలో నింపి చూసుకున్న లోడు చలిలో నెమ్మదిస్తుంది, చలిలో చూసుకున్నది ఎండలో ఒత్తిడి పెంచుతుంది. ఉష్ణోగ్రతకి తక్కువ మారే మందులు ఉన్నాయి, వీలైతే అవే తీసుకోండి.

సన్నదారి

బాండెడ్ గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. జింకకి అవసరమా?

పాతబోల్ట్

.308 వేగాల్లో తెల్లతోక జింకకి తప్పనిసరి కాదు. ఈ గట్టి బుల్లెట్ల కథ పెద్ద జంతువులతో మొదలైంది. 1946లో జాన్ నోస్లర్ తన .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నంతో బురద పట్టిన మూస్‌ని (భారీ జింక జాతి) కొడితే బుల్లెట్లు లోపలికి దిగలేదు. మధ్యలో రాగి గోడ పెట్టి, ముందు సీసం విచ్చుకున్నా వెనక సీసం నిలిచేలా పార్టిషన్ తయారు చేశాడు. 1948 నుంచి అమ్ముతున్నారు. నాకు ఇప్పటికీ అన్నిటికన్నా నమ్మకమైన బుల్లెట్ అదే. మీ రైఫిల్ మాగ్నం అయినా, జింకతో పాటు ఎల్క్ (ఇంకో పెద్ద జింక జాతి) కూడా వేటాడాలన్నా బాండెడ్, పార్టిషన్, రాగి వీటి వైపు వెళ్లండి. అప్పుడు ప్రతి గ్రెయిన్‌కీ విలువుంటుంది.

కొత్తగురి

ఇంట్లో చిన్నపిల్లలున్నారు, కాబట్టి రాగిపక్షం గారి మాటే తీసుకుంటున్నాను. రాగిలో 150. 250 గజాల్లో కూడా 2000కి పైనే ఉంటుందని ఆ కంపెనీ కోఎఫిషియెంట్‌తో లెక్క వేసి చూసుకున్నాను. 100 గజాల దగ్గర 2 అంగుళాలు పైకి సరిచేసుకుంటే 200 దగ్గర సూటిగా, 250 దగ్గర మూడు నాలుగు అంగుళాలు కిందికి వస్తోంది. గురి మార్చకుండానే 8 అంగుళాల వలయంలో ఉంటాను.

చివరి సందేహం. బుల్లెట్‌ని బ్యారెల్ గాళ్లకి దగ్గరగా కూర్చోబెడితే గుంపు బాగుంటుందని చదివాను. రాగికీ అంతేనా?

రాగిపక్షం

రాగికి అలా కాదండీ. దానికి కాస్త ఎడం కావాలి. గాళ్ల నుంచి 0.050 అంగుళం వెనక్కి మొదలుపెట్టి, ఇంకా వెనక్కి జరుపుతూ చూడండి. ఆనించి మాత్రం పెట్టకండి, ఒత్తిడి ఒక్కసారి ఎగబాకుతుంది. ఇంతకుముందు తొడుగు బుల్లెట్లు కాల్చిన బ్యారెల్ కదా, రాగికి మారే ముందు లోపలి మురికి పూర్తిగా తీసేయండి. అప్పుడే మొదటి గుంపు మిమ్మల్ని తప్పుదారి పట్టించదు.

మందుత్రాసు

మొత్తం పొడవు కూడా చూసుకోవాలి. .308కి సామీ గరిష్ఠం 2.810 అంగుళాలు, మీ మ్యాగజైన్ అంత పట్టకపోతే మ్యాగజైన్ మాటే చెల్లుతుంది. కొలత బుల్లెట్ మొన దగ్గర కాకుండా కంపారేటర్ (కొలిచే సాధనానికి తగిలించే ముక్క) పెట్టి ఓజైవ్ (మొన వైపు వంపు) దగ్గర తీసుకోండి. మొనలు ఒక్కోటి ఒక్కో పొడవు ఉంటాయి.

సీజన్‌కి తీసుకెళ్లే తూటాలన్నిటినీ ముందే రేంజ్‌లో, బ్యారెల్ ఇసుకదిబ్బ వైపు ఉంచి, మ్యాగజైన్ నుంచి ఒక్కొక్కటిగా ఛాంబర్‌లోకి ఎక్కించి తీయండి. ఏది బిగువుగా పోయినా పక్కన పెట్టేయండి. పెట్టె మీద బుల్లెట్, మందు పేరు, తూకం, ప్రైమర్, కేస్, పొడవు, తేదీ అన్నీ రాయండి. ప్రైమర్ల లాట్ గానీ మందు లాట్ గానీ మారితే మళ్లీ కింది తూకం నుంచి మొదలు.